లక్షణాలు చెబితే రోగం చెప్పే యంత్రం – ఎంతవరకు నమ్మవచ్చు?

ఒంట్లో నలతగా ఉన్నప్పుడు ఒకప్పుడు ఇంటి పెద్దలను అడిగేవారు. వారికి తోచనిది ఊళ్ళోని వైద్యుణ్ణి అడిగేవారు. నేడు ఆ రెంటికంటే ముందు చేయి సెల్‌ఫోన్ వైపు వెళుతోంది. అర్ధరాత్రి కడుపులో నొప్పి వచ్చినా, పిల్లవాడి ఒంటిమీద దద్దుర్లు కనిపించినా, లక్షణాలను ఫోన్‌లో నమోదు చేసి రోగం పేరు తెలుసుకోవడం మధ్యతరగతి ఇళ్ళలో నిత్యకృత్యమైంది. ఈ సదుపాయాన్ని పూర్తిగా నిందించడం న్యాయం కాదు. గుడ్డిగా నమ్మడం క్షేమం కాదు. దాని శక్తి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రతి గృహస్థుడూ, గృహిణీ తెలుసుకోవడం అవసరం. ఆ విషయాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

సింప్టమ్ చెకర్ అంటే ఏమిటి?

రోగి తన వయస్సు, లింగం, బాధలు తెలియజేస్తే కొన్ని ప్రశ్నలు వేసి, ఆ సమాధానాలకు సరిపోయే వ్యాధుల జాబితాను ఇచ్చే కంప్యూటర్ విధానాన్ని సింప్టమ్ చెకర్ అంటారు. ఇది రెండు పనులు చేస్తుంది. మొదటిది, ఇది ఏ వ్యాధి కావచ్చో ఊహించడం. రెండవది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలా, రెండు రోజులలో వైద్యునికి చూపించుకోవాలా, ఇంటి వద్దనే జాగ్రత్తపడితే చాలునా అని సలహా ఇవ్వడం. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన తరువాత, మనిషితో మాట్లాడినట్లే సంభాషించే కృత్రిమ మేధను కూడా ప్రజలు ఇదే పనికి వాడుతున్నారు. పైకి వేరుగా కనిపించినా రెండింటికీ ఆధారం ఒక్కటే: రోగి చెప్పిన మాట.

శాస్త్రం చెప్పిన త్రివిధ పరీక్ష

రోగిని ఎట్లా పరీక్షించాలో వాగ్భటుని అష్టాంగ హృదయం మూడు మాటలలో నిర్దేశించింది. అవి దర్శనం, స్పర్శనం, ప్రశ్న. కంటితో చూడడం, చేతితో తాకి తెలుసుకోవడం, రోగిని అడిగి తెలుసుకోవడం అని వీటి అర్థం. తరువాతి కాలంలో యోగరత్నాకరం దీనినే విస్తరించి నాడి, మూత్రం, మలం, జిహ్వ, శబ్దం, స్పర్శ, నేత్రాలు, ఆకృతి అనే అష్టస్థాన పరీక్షను చెప్పింది. ఆధునిక వైద్యుడు స్టెతస్కోప్ పెట్టి వినడం, పొట్టను అదిమి చూడడం, కంటి రెప్పను దించి రక్తహీనతను గమనించడం కూడా ఈ త్రివిధ పరీక్షలోనే చేరతాయి.

యంత్రానికి ఈ మూడింటిలో ఉన్నది ప్రశ్న ఒక్కటే. అది రోగి ముఖం పాలిపోయిందో లేదో చూడలేదు. అరచేతి చల్లదనాన్ని తాకి తెలుసుకోలేదు. ఆ ఉన్న ఒక్క ప్రశ్నలో కూడా వైద్యునికి, యంత్రానికి భేదం ఉంది. వైద్యుడు అడిగేటప్పుడు రోగి తడబాటును, దాచబోయిన మాటను, పక్కన నిలబడిన భార్య ముఖంలోని ఆందోళనను కూడా గమనిస్తాడు.

మాధవ నిదానం రోగజ్ఞానానికి అయిదు మార్గాలు చెప్పింది. వ్యాధికి కారణమైన నిదానం, ముందుగా కనిపించే పూర్వరూపం, స్పష్టమైన లక్షణాలైన రూపం, ఏ ఆహారం లేక ఔషధంతో ఉపశమిస్తున్నదో పరిశీలించే ఉపశయం, శరీరంలో దోషం వ్యాధిగా పరిణమించే క్రమమైన సంప్రాప్తి. ఫోన్‌లో మనం నమోదు చేసేది చాలావరకు రూపాన్ని మాత్రమే. అయిదింట ఒక భాగాన్ని చూసి తీర్పు చెప్పమని యంత్రాన్ని కోరుతున్నామన్న మాట.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

ఈ విషయంలో లోతైన పరిశోధనలే జరిగాయి. వాటిని వరుసగా చూస్తే ఒక ముఖ్యమైన సత్యం బయటపడుతుంది.

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో డి డోంబాల్ అనే శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు 1972లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. హఠాత్తుగా కడుపునొప్పితో వచ్చిన 304 మంది రోగుల వివరాలను కంప్యూటర్‌కు అందించగా, అది 91.8 శాతం మందిలో సరైన వ్యాధిని గుర్తించింది. అనుభవజ్ఞుడైన వైద్యుని నిర్ణయం 79.6 శాతం మందిలో సరిపోయింది. అంటే యాభై ఏళ్ళ క్రితమే యంత్రం వైద్యుణ్ణి మించింది! అయితే ఆ వివరాలను కంప్యూటర్‌కు అందించినది ఎవరు? రోగిని పడుకోబెట్టి, పొట్టను చేతితో అదిమి, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి జరిగిందో పద్ధతి ప్రకారం రాసుకున్న వైద్యులే. దర్శన స్పర్శనాలు వైద్యుడు చేశాడు. లెక్క మాత్రం యంత్రం కట్టింది.

ఇప్పుడు రెండవ ఫలితాన్ని చూడండి. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో సామాన్య ప్రజలు వాడే 23 సింప్టమ్ చెకర్లను 45 రోగ వృత్తాంతాలతో పరీక్షించారు. సరైన వ్యాధి జాబితాలో మొదటి స్థానంలో వచ్చింది 34 శాతం సందర్భాలలోనే. మొదటి ఇరవై పేర్లలో ఎక్కడో ఒకచోట వచ్చింది 58 శాతం సందర్భాలలో. ఎంత త్వరగా వైద్య సహాయం పొందాలన్న సలహా 57 శాతం సరిపోయింది. అత్యవసర స్థితులలో ఈ సలహా 80 శాతం వరకు సరిగా ఉండగా, ఇంటి వద్దనే తగ్గిపోయే చిన్న బాధలలో 33 శాతమే సరిపోయింది. చిన్న బాధకు కూడా ఆసుపత్రికి పరుగెత్తమనడం ఈ యంత్రాల స్వభావం. మరుసటి సంవత్సరం అవే వృత్తాంతాలను వైద్యులకు ఇవ్వగా, 72 శాతం సందర్భాలలో వారు మొదటి ఊహలోనే సరైన వ్యాధిని చెప్పారు. వైద్యులు కూడా తప్పు చేస్తారని, అయితే యంత్రం అంతకంటే చాలా ఎక్కువగా తప్పు చేసిందని దీని అర్థం.

కృత్రిమ మేధ వచ్చాక పరిస్థితి మారింది గదా అని పాఠకులు అడగవచ్చు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో వెల్లడించిన అధ్యయనం దీనికి జవాబు ఇస్తుంది. రోగ వృత్తాంతాన్ని పూర్తిగా నేరుగా అందించినప్పుడు కృత్రిమ మేధ 94.9 శాతం సందర్భాలలో సంబంధిత వ్యాధిని గుర్తించింది. అదే మేధతో సుమారు 1,300 మంది సామాన్యులు స్వయంగా సంభాషించి తెలుసుకోబోయినప్పుడు 34.5 శాతం సందర్భాలలో కూడా సరైన వ్యాధిని గుర్తించలేకపోయారు. యంత్రంలో జ్ఞానం ఉన్నది. కాని అడిగేవారు ముఖ్యమైన వివరాలు వదిలేశారు. వచ్చిన జవాబులలో ఏది తమకు వర్తిస్తుందో ఎంచుకోలేకపోయారు.

లోపం ప్రధానంగా లెక్కలో లేదు, లెక్కకు ఇచ్చే అంకెలలో ఉన్నది. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

మాటలోనే మర్మం

మన ఇళ్ళలో బాధలు చెప్పుకొనే భాషను గమనించండి. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటాం. గది గిర్రున తిరిగినట్లు ఉండడం ఒకటి. లేచి నిలబడగానే చూపు చీకటి కమ్మడం ఒకటి. నడకలో తూలడం మరొకటి. మొదటిది తరచుగా లోపలి చెవి వికారం వల్ల, రెండవది రక్తపోటు పడిపోవడం లేక రక్తహీనత వల్ల, మూడవది కొన్నిసార్లు మెదడుకు సంబంధించిన వ్యాధి వల్ల వస్తుంది. మూడింటికీ మనకు ఉన్నది ఒకే మాట.

‘వేడి చేసింది’ అన్న మాట సంగతి మరీ చిత్రం. నోటిపూత, మూత్రంలో మంట, కళ్ళమంట, ముక్కునుండి రక్తం కారడం – అన్నింటికీ అదే మాట. మూత్రంలో మంటకు వేడి అని పేరుపెట్టి బార్లీ నీళ్ళతో సరిపుచ్చుకొంటే, అది సూక్ష్మజీవుల వల్ల వచ్చిన మూత్రకోశ వ్యాధి అయినప్పుడు మూత్రపిండాలకు పాకే ప్రమాదం ఉంది. ఇటువంటి మాటలను ఇంగ్లీషులోకి మార్చి యంత్రానికి ఇచ్చేటప్పుడు అర్థం మరింత జారిపోతుంది.

మరో చిక్కు కూడా ఉన్నది. ఊళ్ళో ఉన్న తల్లి ఫోన్‌లో చెప్పిన బాధను, అమెరికాలో ఉన్న కొడుకు తనకు అర్థమైనట్లు నమోదు చేసి, వచ్చిన జవాబును తిరిగి తల్లికి చెబుతున్నాడు. ప్రేమ నిజమే. కాని ఇక్కడ ప్రశ్న కూడా చేతులు మారిన ప్రశ్న అయింది. ‘కాస్త ఆయాసంగా ఉందిరా’ అని కొడుకు కంగారుపడకుండా తగ్గించి చెప్పే తల్లుల మాటను యంత్రం ఎట్లా సవరించుకోగలదు?

పేరు చిన్నది, ముప్పు పెద్దది

తెలుగు ఇళ్ళలో ‘గ్యాస్’ అన్నంతగా వాడుకలో ఉన్న రోగం పేరు మరొకటి లేదు. రొమ్ము మధ్యలో బరువు, కడుపు పైభాగంలో మంట, త్రేనుపులు రాగానే వామునీళ్ళో సోడావో తాగి పడుకొంటారు. గుండెపోటు కూడా ఇదే రూపంలో రావచ్చు. ముఖ్యంగా మధుమేహ రోగులలో, స్త్రీలలో, వృద్ధులలో తీవ్రమైన ఛాతీనొప్పి లేకుండానే చెమటలు, ఆయాసం, వికారం, దవడ నొప్పి, అంతులేని నీరసంగా మాత్రమే కనిపించవచ్చు. ‘కడుపులో మంట’ అని మాత్రమే నమోదు చేస్తే ఆమ్లపిత్తం అన్న జవాబు రావడం సహజం. రెంటికీ భేదం తెలిపేది ఈసీజీ, రక్తపరీక్ష. అవి ఏ ఫోన్ ప్రశ్నావళిలోనూ ఉండవు.

డెంగీ మరొక ఉదాహరణ. ఈ జ్వరంలో ప్రమాదకరమైన దశ సాధారణంగా జ్వరం దిగే సమయంలోనే, మూడవ రోజు నుండి ఏడవ రోజు మధ్య మొదలవుతుంది. ఒళ్ళు చల్లబడింది గనుక వ్యాధి తగ్గిందని ఇంటివారు ఊపిరి పీల్చుకొంటారు. ఆ సమయంలో విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తం, మత్తుగా ఉండడం, చేతులు కాళ్ళు చల్లబడడం కనిపిస్తే గంటలు కూడా ఆలస్యం చేయరాదు. మామూలు ఒళ్ళునొప్పులనుకొని ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వేసుకోవడం రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతుంది.

దీనికి విరుద్ధమైన ఆపద కూడా ఉన్నది. సాధారణ లక్షణాలను వెదకుతూ భయంకర వ్యాధులవైపు జారిపోవడం. మైక్రోసాఫ్ట్ సంస్థ పరిశోధకులు 2008లో దీనిని వివరంగా అధ్యయనం చేశారు. తలనొప్పి గురించి వెదికినవారికి నిత్యం తాగే కాఫీ మానడం వంటి సామాన్య కారణంతో దాదాపు సమానంగా, అతి అరుదైన మెదడు కణితి ప్రస్తావన కూడా ఎదురవుతున్నదని వారు గమనించారు. నిద్ర చెడి, ఆకలి మందగించి, లేని రోగానికి ఉన్న బాధ తోడవుతుంది.

ప్రకృతి పరీక్షల మాట

ఆయుర్వేదాభిమానులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి. పదిహేను ఇరవై ప్రశ్నలకు జవాబులిస్తే మీది వాత ప్రకృతి, పిత్త ప్రకృతి అని తేల్చే ప్రశ్నావళులు ఫోన్‌లలో ఎన్నో వచ్చాయి. ప్రకృతి పుట్టుకతో వచ్చినది. వికృతి వ్యాధివల్ల కలిగినది. ఈ రెంటినీ విడదీయడమే వైద్యుని నేర్పు. చరక సంహిత ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు అని పది అంశాలను పరీక్షించమన్నది.

ఉదాహరణకు, కొద్ది నెలలుగా బరువు తగ్గుతూ, గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమితో బాధపడే స్త్రీ ఆ ప్రశ్నావళిని పూర్తిచేస్తే వాత ప్రకృతి అని రావచ్చు. నెయ్యి, నువ్వులనూనె అభ్యంగనంతో ఆమె సరిపెట్టుకోవచ్చు. అసలు సమస్య థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం కావచ్చు. ఒక రక్తపరీక్షతో తేలే విషయం ఏడాది వెనుకబడుతుంది.

స్వయంగా రోగం పేరు పెట్టుకొన్న తరువాత స్వయంగా మందు వాడడం తప్పదు. ముంబయి వైద్యులు 2021లో తిప్పతీగ వాడిన కొందరు రోగులలో కాలేయం దెబ్బతిన్నట్లు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ణయాన్ని అంగీకరించక, తిప్పతీగను పోలిన మరొక జాతి తీగను వాడి ఉండవచ్చని పేర్కొన్నది. ఆ వివాదం ఎట్లున్నా గృహస్థునికి పాఠం ఒక్కటే. సరైన రోగం, సరైన మూలిక, సరైన మోతాదు – ఈ మూడింటిలో ఏది తప్పినా ఇంటి వైద్యం కూడా అపాయకరమే.

యంత్రం వల్ల మేలు

ఇన్ని దోషాలు చెప్పినంత మాత్రాన ప్రయోజనం లేదని భావించరాదు. హార్వర్డ్ పరిశోధకులే 2021లో ప్రకటించిన మరొక అధ్యయనంలో, 5,000 మంది సామాన్యులు ఇంటర్నెట్‌లో వెదకక ముందు 49.8 శాతం, వెదికిన తరువాత 54 శాతం సరైన వ్యాధిని ఊహించగలిగారు. వారిలో ఆందోళన పెరగలేదు కూడా. మేలు స్వల్పమే అయినా మేలే.

సిగ్గువల్ల ఎవరికీ చెప్పుకోలేని మొలలు, తెల్లబట్ట, లైంగిక సమస్యలు, మనోవ్యాకులత వంటి బాధలలో, ఇది చికిత్స ఉన్న వ్యాధే, ఫలానా నిపుణుణ్ణి కలవాలి అన్న మొదటి మాట ఫోన్ ద్వారా తెలిసినా గొప్ప ఉపకారమే. వైద్యుడు ఇచ్చిన చీటీలోని పదాలకు అర్థం తెలుసుకోవడానికి, వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు సిద్ధం చేసుకోవడానికి కూడా ఇది ఉపకరిస్తుంది.

వాడుకొనే విధానం

1. ఫోన్ తెరవక ముందు ఒక కాగితం మీద రాయండి. బాధ ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఉంది, ఎటు జరిగింది, దేనివల్ల పెరుగుతోంది, దేనివల్ల తగ్గుతోంది, ఆకలి, నిద్ర, మలమూత్రాలు ఎట్లా ఉన్నాయి? మాధవ నిదానం చెప్పిన అయిదు మార్గాలలో నాలుగింటికి కావలసిన సమాచారం ఈ కాగితంలో చేరుతుంది.

2. కొలవగలిగినవి కొలవండి. థర్మామీటరుతో జ్వరం, నిమిషానికి నాడి, ఇంట్లో పరికరం ఉంటే రక్తపోటు, చక్కెర. అంకె ఊహకంటే మేలు.

3. వయస్సు, గర్భం, మధుమేహం, రక్తపోటు, వాడుతున్న మాత్రలు, కషాయాలు, చూర్ణాలు తప్పక తెలపండి. వదిలేసిన ఒక్క వివరం జవాబును తారుమారు చేస్తుంది.

4. ‘నాకు గ్యాస్ వచ్చింది’ అని రోగం పేరు ఇవ్వకండి. బాధను మాత్రమే వర్ణించండి.

5. రోగం పేరును తీర్పుగా స్వీకరించకండి. ఎంత త్వరగా వైద్యుణ్ణి కలవాలన్న సలహాను మాత్రం గమనించండి. వెంటనే వెళ్ళమంటే వెళ్ళండి. ఏమీ ఫరవాలేదంటే మాత్రం రోగి ముఖం చూసి మరొకసారి ఆలోచించండి. యంత్రం ఇచ్చే ధైర్యం కంటే కంటికి కనిపించే నీరసం బలమైన సాక్ష్యం.

6. పేరు, ఫోన్ నంబరు, పరీక్షల కాగితాలు అపరిచితమైన చోట ఇవ్వకండి.

7. ఆ కాగితాన్ని వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళండి. అల్లోపతి వైద్యుడైనా, ఆయుర్వేద వైద్యుడైనా అది ఆయన సమయాన్ని, మీ ఖర్చును ఆదా చేస్తుంది.

యంత్రాన్ని అడగకూడని సందర్భాలు

ఈ క్రింది స్థితులలో ఫోన్‌ను వాడవలసినది 108కి చేయడానికి మాత్రమే.

రొమ్ములో బరువు లేక నొప్పితో చెమటలు, ఆయాసం. మూతి వంకర పోవడం, ఒక చేయి లేక కాలు పడిపోవడం, మాట తడబడడం. ఈ పక్షవాతంలో గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటలలోనే పనిచేస్తుంది. స్పృహ తప్పడం, మొదటిసారి మూర్ఛ రావడం. రక్తపు వాంతి, నల్లని తారువంటి మలం. గర్భిణికి రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం. మూడు నెలలలోపు పసికందుకు జ్వరం. విరేచనాలైన బిడ్డ మత్తుగా ఉండి ఆరేడు గంటలు మూత్రం పోయకపోవడం. పాముకాటు, విషం, ఆత్మహత్య తలంపు. మనసు కలత చెందినవారికి 14416 నంబరులో టెలి మానస్ సహాయం ఉచితంగా లభిస్తుంది.

అత్యవసరం కాకపోయినా ఆలస్యం చేయరానివి కొన్ని ఉన్నాయి. రెండు వారాలు దాటిన దగ్గు లేక జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కళ్ళు పచ్చబడడం, రొమ్ములో గడ్డ, మానని పుండు. వీటికి ఇంటి చిట్కాలతో కాలం గడపరాదు. ఆసుపత్రి దూరమైనప్పుడు ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ద్వారా వైద్యునితోనే మాట్లాడవచ్చు. అది యంత్రం సలహా కాదు, మనిషి సలహా. అయినా అక్కడ కూడా స్పర్శ పరీక్ష ఉండదని మరువరాదు.

చివరి మాట

జలుబు, అజీర్ణం, మామూలు ఒళ్ళునొప్పుల వంటి చిన్న బాధలకు మన వంటింట్లోనే ఉపశమనం ఉన్నది. ఆ జ్ఞానాన్ని పెద్దలు చాలాకాలం చూసి, తాకి, అడిగి సంపాదించారు. కషాయం కాచి ఇచ్చే అమ్మమ్మ ముందుగా మన నుదుటిమీద చేయి వేసి చూసేది, నాలుక చూపించమనేది. ఫోన్ ఆ రెండు పనులూ చేయలేదు గనుక, వాటిని మనమే చేయాలి. దర్శన స్పర్శనాలను ఇంటివారు శ్రద్ధతో చేసి, ప్రశ్నకు పూర్తి సమాధానం రాసిపెట్టుకొని, నిర్ణయాన్ని వైద్యునికి అప్పగించినప్పుడే ఈ కొత్త పరికరం మన ఆరోగ్యానికి సేవకునిగా ఉంటుంది.